బాల్కనీలో ఇంటి వైద్యానికి ఏ మొక్కలు పెంచుకోవాలి? బయట ఖాళీ ప్లాట్‌లో ఆకులు కోసుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, తూర్పు బాల్కనీ, పొద్దున ఓ మూడు నాలుగు గంటలు ఎండ. ఇంట్లో నాలుగేళ్ల బాబు, మీ పాలు తాగే ఎనిమిది నెలల పాప, షుగరూ బీపీ ఉన్న మామగారు. యూట్యూబ్ చూసి ఇరవై మొక్కల లిస్టు రాసుకున్నారు, అవి ఎక్కడ దొరుకుతాయి, ఎలా పెంచాలి, పక్క ఖాళీ ప్లాట్‌లో వానలకి బోలెడు ఆకులు మొలిచాయి, అవి కోసుకోవచ్చా అని.

ముందు సమాధానం చెప్పేస్తా. ఇరవై వద్దమ్మా. వామాకు, తులసి, అల్లం, పసుపు, పొన్నగంటి. ఈ ఐదు చాలు. మధ్యలో ఏ కుండీ ఖాళీ అయినా గుప్పెడు మెంతులు చల్లండి, మూడు నాలుగు వారాల్లో కూర చేతికొస్తుంది. ఖాళీ ప్లాట్‌లో ఆకు తినడానికి కొయ్యొద్దు, కావాలంటే కొమ్మ తెచ్చుకుని మీ కుండీలో నాటుకోండి. లిస్టులో తిప్పతీగ, వస, ఇన్సులిన్ మొక్క మూడూ కొట్టెయ్యండి. అడ్డసరం మంచిదే కానీ మీ ఇంటికి ఇప్పుడు కాదు. ఎందుకో అన్నీ కింద రాస్తా, కాస్త పొడుగవుతుంది.

నా సంగతి కూడా చెప్పాలి కదా. ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్పి రిటైరయ్యా, రాజమండ్రిలో డాబా మీద ఇరవై ఏళ్ల పైనుంచి పెంచుతున్నా. డాక్టర్ని కాదు, ఆయుర్వేదం చదవలేదు. మొక్కని గుర్తుపట్టడం, బతికించడం, వంటలో వాడటం వరకే నా పని. ఇంటి వైద్యం అంటే నా లెక్కలో జలుబు, మామూలు దగ్గు, అజీర్తి, నోరు పాడవడం, ఒళ్లు నొప్పులు అంతే. అంతకు మించింది ఏదైనా సరే కుండీ దగ్గరికి కాదు, డాక్టర్ దగ్గరికి.

పేరు నమ్మొద్దు, మొక్కని చూడండి. ఇన్నేళ్లలో నేను చూసిన తప్పుల్లో ఎక్కువ ఇక్కడే జరిగాయి, డోసు దగ్గర కాదు. నేనే మోసపోయా, బోటనీ టీచర్ని అయ్యుండి. ఒక నర్సరీలో సరస్వతి ఆకు అని అడిగితే చిన్న కుండీ చేతిలో పెట్టాడు, గుండ్రటి ఆకులు, తళతళా మెరుస్తున్నాయి, తెచ్చేసుకున్నా. ఇంటికొచ్చాక ఆకు తిరగేసి చూస్తే కాడ ఆకు మధ్యలో అతుక్కుని ఉంది, గొడుగుకి కర్రలాగా, తామరాకులాగా. అది నీళ్ల తొట్టెల్లో అందానికి పెంచే మొక్క. అసలు సరస్వతి ఆకుకి కాడ అంచు దగ్గర నొక్కులోంచి వస్తుంది, ఆకు మూత్రపిండం ఆకారంలో ఉంటుంది, అంచు చుట్టూ చిన్న నొక్కులు. ఇంకో తిరకాసు ఏంటంటే ఉత్తరాది వీడియోల్లో 'బ్రాహ్మి' అంటే కొందరికి ఈ సరస్వతి ఆకు, కొందరికి చెరువు గట్లమీద పాకే బాకోపా అనే ఇంకో మొక్క, దాని ఆకులు చిన్నగా దళసరిగా ఉంటాయి. రెండింటికీ చుట్టరికమే లేదు. వీడియోలో ఆయన చెప్పేది ఒక మొక్క, మీ చేతిలో ఉండేది ఇంకోటి.

మీ ప్లాట్‌లో వానలకి గంగవాయిలు కూర కచ్చితంగా మొలుస్తుంది (మేం పావిలి కూర అంటాం). దాని పక్కనే అలాగే నేలకి పరుచుకుని, ఎర్రటి కాడలతో నానబాలు జాతి మొక్కలు కూడా వస్తాయి. పైనుంచి చూస్తే కొత్తవాళ్లకి రెండూ ఒకటే. కాడ తుంచండి. గంగవాయిలు కాడ లావుగా, నీళ్లగా, పుటుక్కున విరుగుతుంది. నానబాలు కాడ సన్నంగా ఉంటుంది, తుంచితే తెల్లటి పాలు కారతాయి. పాలు కారితే కూరలోకి వెయ్యొద్దు, అంతే. నేను పిల్లలకి ఫీల్డ్ ట్రిప్‌లో మొదట నేర్పేది ఇదే, వాళ్లలో చాలామంది బోటనీ మొత్తం మర్చిపోయినా ఇదొక్కటి మాత్రం ఇప్పటికీ గుర్తుందని ఫోన్ చేసి చెప్తారు.

'దేవుడికి పెట్టే ఆకులు కదండీ, ఏం కాదులెండి' అనేవాళ్లూ ఉన్నారు. వినాయకచవితికి పెట్టే 21 పత్రుల్లో తులసి, వావిలి, ఉత్తరేణి, మారేడు ఉన్నాయి నిజమే, ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉన్నాయి కదా! ఈ మూడూ విషమే. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో కరోనాకి మందని టిక్‌టాక్ వీడియో చూసి ఉమ్మెత్త గింజలు కలుపుకుని తాగి రెండు కుటుంబాలవాళ్లు ఆసుపత్రి పాలయ్యారు, గుర్తుందా. పత్రి పూజకి, కూర పొయ్యి మీదకి. రెండూ కలపొద్దు.

ఇప్పుడు మొక్కలు.

వామాకు. దీన్ని కర్పూరవల్లి అని కూడా అంటారు. మనం వంటలో వేసే వాముకీ దీనికీ వాసన తప్ప సంబంధం లేదు. డబ్బు పెట్టి కొనొద్దు, ఎవరింట్లోనో ఉంటుంది, కొమ్మ అడగండి. నాలుగు వేళ్ల పొడుగు కొమ్మ, కణుపు కింద కొయ్యాలి, కింది రెండు జతల ఆకులు తీసేసి గంటా రెండు గంటలు నీడన వదిలెయ్యండి, కోసిన చోట తడి ఆరాలి. తర్వాత ఇసక, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) కలిపి అందులో గుచ్చండి. వారం పది రోజుల్లో వేరు పడుతుంది. లాగి చూడకండి బాబూ, అందరూ మూడో రోజే లాగి చూస్తారు! దీన్ని చంపడానికి ఒకటే దారి, రోజూ నీళ్లు పొయ్యడం. ఆకు పట్టుకుంటే మందంగా ఉంటుంది కదా, నీళ్లు దాచుకున్నదే అది. మట్టిలో వేలు రెండు కణుపులు దూర్చి చూసి పొడిగా ఉంటేనే పొయ్యండి. నా మొదటి మూడు మొక్కలు అలాగే పోయాయి, కాండం నేల దగ్గర నల్లబడి మెత్తగా అయిపోయి, పైన ఆకులేమో పచ్చగానే ఉంటాయి కాబట్టి మనకి తెలీదు, తెలిసేసరికి కూలబడుతుంది. అలా కనబడితే పైకొమ్మలు కోసి మళ్లీ నాటుకోవడమే.

జలుబు చేస్తే పెద్దవాళ్లకి రెండు మూడు ఆకులు చారులో వెయ్యండి, లేదా మిరియాలతో మరిగించుకుని తాగండి. ముక్కు తెరుచుకుంటుంది, గొంతుకి హాయిగా ఉంటుంది, జలుబు మాత్రం దాని టైమ్‌కే తగ్గుతుంది. మీ బాబుకి ఒక ఆకు సెగ మీద వాడ్చి, చల్లారాక పిండితే వచ్చే నాలుగు చుక్కలు తేనెలో కలిపి నాకించొచ్చు. పెరుగు పచ్చడి కూడా బావుంటుంది. నిజం చెప్పాలంటే మా ఇంట్లో మందు పేరుతో పెట్టిన మొక్క సగం బజ్జీలకే పోతుంది.

తులసి. అందరింట్లో ఉంటుంది, అందరింట్లోనూ చస్తుంది. కారణాలు మూడు. కోటకి కింద కన్నం లేకుండా రోజూ చెంబుడు నీళ్లు, మొదట్లో పసుపు కుంకుమ పొరలు పొరలుగా, కాండానికి ఆనించి దీపం. భక్తి తగ్గించుకోమనట్లేదు, పూజకి ఒక మొక్క, వాడకానికి ఒక మొక్క వేరే పెట్టుకోండి. వెన్నులు కనబడగానే చిదిమెయ్యాలి, గింజ కట్టిందంటే మొక్క పని అయిపోయిందనుకుంటుంది, ఆకు చిన్నదైపోయి కాడలు కట్టెబారిపోతాయి. ఒక్క వెన్ను మాత్రం ఎండనిచ్చి గింజ దాచుకోండి. మా అత్తగారు ద్వాదశి రోజు, ఆదివారం తులసి కొయ్యనిచ్చేవారు కాదు, నేను చాదస్తం అనుకునేదాన్ని, ఇప్పుడనిపిస్తుంది మొక్కకి వారానికో రోజు రెస్టు బాగానే ఉందని.

అల్లం, పసుపు. ఈ రెండూ తొలకరికే నాటాలి, మే చివర నుంచి జూన్ అయిపోయేలోపు. పన్నెండు పదిహేను అంగుళాల గ్రో బ్యాగ్, ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కోకోపీట్ సమానంగా. మార్కెట్లో దుంప కొనేటప్పుడు కళ్లు ఉబ్బి, మొనలు లేత పచ్చగా కనబడేది ఏరుకోండి. రెండంగుళాల లోతు, కన్ను పైకి. మొలక రావడానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు, ఈలోపు కుళ్లిపోయిందేమోనని తవ్వకండి. మీ బాల్కనీ ఎండ వీటికి సరిగ్గా సరిపోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ అల్లానికి అసలు పడదు. ఎనిమిది తొమ్మిది నెలలకి ఆకులు పండి వాలిపోతాయి, నీళ్లు ఆపేసి ఇంకో రెండు వారాలాగి తవ్వుకోవాలి. నాకు ఒక బ్యాగ్‌కి ముప్పావు కిలో పచ్చి పసుపు వస్తుంది. పొడి కొట్టుకోవాలంటే దుంపని మెత్తబడేదాకా ఉడికించి ఎండబెట్టాలి, దుగ్గిరాల వైపు, నిజామాబాద్ వైపు రైతులు పెద్ద ఎత్తున చేసేది ఇదే పని. మీకు అంత ఓపిక లేకపోతే పచ్చి కొమ్ము తురిమి పాలల్లో మరిగించుకోండి, చిటికెడు మిరియాల పొడితో. మిరియం ఊరికే వెయ్యరు, పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి పట్టడానికి అది పనికొస్తుంది. అలాగని కషాయాలు లీటర్లు లీటర్లు తాగొద్దు. కరోనా రోజుల్లో మా చెల్లెలు శొంఠి, మిరియాలు, దాల్చిన చెక్క కలిపి పూటకో గ్లాసు తాగి కడుపులో మంట తెచ్చుకుంది, చివరికి దానికి డాక్టర్ దగ్గరికెళ్లింది.

పొన్నగంటి. ఇది మందు కాదు, కూర. అందుకే నాకు ఇష్టం. పప్పులో వేసి వెల్లుల్లి పోపు పెడితే మీ మామగారికీ బాబుకీ ఒకే గిన్నెలోంచి పెట్టొచ్చు. కంటికి మంచిదని మన పెద్దవాళ్లు చెప్పేది, అందులో ఎ విటమిన్‌గా మారే పదార్థం బాగా ఉంటుంది. రైతుబజార్లో కట్ట కొని ఆకు కూర వండుకుని, ముదురు కాడలు గ్లాసు నీళ్లలో పెట్టండి, నాలుగైదు రోజుల్లో కణుపుల దగ్గర తెల్ల వేళ్లు. వెడల్పాటి టబ్‌లో నాటితే చాలు, ఇంక జీవితంలో కొనక్కర్లేదు. బచ్చలి, పుదీనా కూడా ఇలాగే వస్తాయి. కాలవ గట్టున తెచ్చుకునేవాళ్లు మాత్రం ఒకటి చూసుకోండి, పొన్నగంటికి తెల్ల పువ్వు ఆకు మొదట్లో అంటుకుని ఉంటుంది, కాడ ఉండదు. దానిలాగే ఉండి పువ్వు మాత్రం పొడుగు కాడమీద నిలబడి, కాండం లోపల గుల్లగా ఉంటే అది వేరే కలుపు, విదేశం నుంచి వచ్చింది. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు ఈ కూరలన్నీ రోజూ తినకుండా ఉండటం మంచిది.

ఇప్పుడు కొట్టెయ్యమన్నవి. తిప్పతీగ కరోనాలో అందరూ గోడలమీదికి ఎక్కించారు, 2021లో ముంబై డాక్టర్లు అది వాడిన కొందరికి లివర్ దెబ్బతిందని రాశారు, ఆయుష్ శాఖేమో అది తిప్పతీగ వల్ల అని తేలలేదంది, దాన్ని పోలిన ఇంకో తీగ కూడా ఉంది, దాని కాండం నిండా గట్టి బొడిపెలుంటాయి. ఆ సంగతి వాళ్లు తేల్చుకునేదాకా నేను మా ఇంట్లో వాడను, కొన్ని రకాల థైరాయిడ్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటిమీద పడే జబ్బులు) ఉన్నవాళ్లు అసలు వాడొద్దు. వస సంగతి మీకు మరీ చెప్పాలి, ఎనిమిది నెలల పాప ఉంది కాబట్టి ఎవరో ఒక పెద్దావిడ వసకొమ్ము అరగదీసి నాకించమంటారు, మాటలు తొందరగా వస్తాయని. అందులో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది, దానివల్లే అమెరికాలో 1968లోనే వసని తిండిలో వాడకుండా నిషేధించారు. మనందరం చిన్నప్పుడు నాకినవాళ్లమే, ఒప్పుకుంటా, అయినా ఇప్పుడు తెలిశాక పెట్టక్కర్లేదు. ఇన్సులిన్ మొక్క మామగారి కోసం రాసుకున్నారు కదా. ఆయన షుగర్ మాత్ర వేసుకుంటున్నారు, దాని మీద ఈ ఆకు కూడా నమిలితే ఏ రోజు ఎంత పడిపోతుందో లెక్క ఉండదు, కళ్లు తిరిగి పడితే ఆ వయసులో తుంటి ఎముక విరుగుతుంది. మెంతి కూర, కాకరకాయ కూరగా తిననివ్వండి, మిషన్‌తో చెక్ చేస్తూ ఉండండి, మాత్ర ఆపడం తగ్గించడం డాక్టర్ పని.

ఆయనకే ఇంకోటి. దగ్గు కషాయాల్లో అతిమధురం వేస్తారు, తియ్యగా ఉంటుందని పెద్దవాళ్లు వేర్లు నములుతుంటారు. అది బీపీ పెంచుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. బీపీ ఉన్న ఇంట్లో డబ్బాలోంచి తీసెయ్యండి.

పాప గురించి గట్టిగా చెప్తున్నా, ఏడాది నిండేదాకా ఏ ఆకు రసమూ వద్దు, తేనె అసలు వద్దు (బొట్యులిజం అనే జబ్బు వస్తుంది, అరుదే కానీ ప్రాణం మీదకొస్తుంది), వేపనూనె నోట్లో చుక్క కూడా వద్దు, దానివల్ల పసిపిల్లలకి ఫిట్స్ వచ్చి మెదడు దెబ్బతిన్న కేసులున్నాయి. ముక్కు పట్టేస్తే ఉప్పునీటి చుక్కలు, మీ పాలు, అంతే. పడుకున్నప్పుడు పొట్ట ఎగసిపడటం నిమిషం పాటు గడియారం పెట్టుకుని లెక్కపెట్టండి, ఏడాది లోపు పాపకి నిమిషానికి 50, మీ బాబుకి 40 లేదా దాటి ఉంటే వామాకు వెతకొద్దు, ఆటో ఎక్కండి. పిల్లలకి మరిగే గిన్నె ముందు కూర్చోబెట్టి ఆవిరి పట్టడం కూడా వద్దు, మా వీధిలో ఒక బాబుకి తొడమీద ఇప్పటికీ మచ్చ ఉంది. బాబుకి విరేచనాలైతే దానిమ్మ తొక్క వెతికేముందు ఓఆర్‌ఎస్ పట్టండి, ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకి ఆరు చిన్న చెంచాల పంచదార, అదే చిన్న చెంచాతో అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలవాలి.

వానలు పడ్డాయంటే మీ హైదరాబాద్‌లో డెంగీ, బొప్పాయి ఆకు కోసం పరుగులు. ప్లేట్‌లెట్స్ పెరుగుతాయని చిన్న చిన్న పరీక్షలు జరిగాయి, కాదనను, కానీ డెంగీలో ప్రాణం కాపాడేది టైమ్‌కి నీళ్లు, సెలైన్, డాక్టర్ కన్ను. కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తం కనబడటం ఉంటే ఆకు రసం పిండుతూ కూర్చోకండి.

ఖాళీ ప్లాట్ ఎందుకు వద్దన్నానంటే, సిటీలో ఆ మట్టి ఎవరిదో ఎవరికీ తెలీదు. డ్రైనేజీ పొంగింది, గడ్డి మందు కొట్టారు, కుక్కలు తిరిగాయి, పాత పెయింటు డబ్బాలు పారేశారు. ఆకుకూరలు మట్టిలో ఏముంటే అది లాగేసుకుంటాయి, కడిగితే పోయేది పైన దుమ్మే. అదే పల్లెలో చేల మధ్య అయితే వేరు, జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘం మహిళల్ని అడగండి, విత్తకుండా చేలో మొలిచే కూరలు ఎన్ని రకాలో వేళ్లమీద లెక్కపెడతారు, తుమ్మికూర, గునుగు కూర, దొగ్గలి కూర... ఏ చేలో మందు కొట్టారో, ఏ చేలో కొట్టలేదో వాళ్లకి తెలుసు కాబట్టి కోసుకుంటారు. మీకు తెలీదు. ప్లాట్‌లో గంగవాయిలు నచ్చితే కొమ్మలు తెచ్చి మీ మట్టిలో నాటండి, ఒక నెల ఆగి కొత్తగా వేసిన చిగురే తినండి.

మొక్కలు ఎక్కడ అంటే, పైన చెప్పిన ఐదింటికీ నర్సరీ అక్కర్లేదు, పొరుగింటి కొమ్మ, రైతుబజారు, వంటింటి అల్లం చాలు. అంతకుమించి కావాలంటే హైదరాబాద్‌లోనే బోడుప్పల్‌లో ఔషధ మొక్కల పరిశోధన సంస్థ సీమాప్ కేంద్రం ఉంది, పేరూ మొక్కా సరిగ్గా సరిపోలుతుందా అన్న అనుమానానికి అలాంటి చోట అడగడమే మంచిది. మా కడియం నర్సరీల్లో దొరకని మొక్క లేదు, కానీ పని కుర్రాళ్లు చెప్పే పేర్లు నమ్మొద్దు, నా సరస్వతి ఆకు కథ చదివారు కదా.

చివరికి అడ్డసరం. దగ్గుకి మన పల్లెల్లో దీన్ని మించింది లేదు, ఇంగ్లీషు దగ్గు మందుల్లో ఉండే బ్రోమ్‌హెక్సిన్ కూడా ఈ ఆకులోని వాసిసిన్ అనే పదార్థాన్ని చూసి తయారుచేసిందే. మేకలు ముట్టవు, పురుగు పట్టదు, కొమ్మ గుచ్చితే వస్తుంది. కానీ గర్భంతో ఉన్నవాళ్లు అసలు తాగకూడదు, గర్భసంచిని కదిలిస్తుంది. మీరింకా పాపకి పాలిస్తున్నారు, ఇలాంటప్పుడు ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చుకోవడం కష్టం, అందుకని ఆగమన్నా. పాప పాలు మానాక అడగండి, మా కంచె పొడుగునా అడ్డసరమే, వానాకాలం అయితే రాజమండ్రి నుంచి తడిగుడ్డలో చుట్టి పంపినా మీ ఇంటికొచ్చేసరికి బతికే ఉంటుంది.